మూడు పాయింట్ నాలుగు

లెక్కల్లో పాయింటు వచ్చిన ఏడాదే నేను బడి మానేసినాను. పులిని సూసి పారిపోయినోళ్ళు ఉంటారు, చుక్కను సూసి పారిపోయినోణ్ణి పుంగనూరులో నేనొక్కణ్ణే అని పాలకేంద్రం కాడ చెప్పి అందర్నీ నవ్వించేవాణ్ణి.

అట్లాంటివాడికి మదనపల్లె ఆస్పత్రిలో నర్సమ్మ పాయింట్ల పాఠం చెప్పింది. నా భార్యకు చిన్నప్పట్నుంచీ షుగరు, ఇన్సులిన్ మీదే బతుకు. అప్పుడు నాలుగో నెల కడుపు.

"షుగరు స్ట్రిప్ వేరే, కీటోన్ స్ట్రిప్ వేరే అప్పా. ఇన్సులిన్ చాలకపోతే రక్తంలో చేరే పులుపే కీటోన్. ఈ కీటోన్ సున్నా పాయింట్ ఆరు లోపల ఉంటే నిమ్మళం. ఒకటిన్నర దాటితే వెంటనే ఫోన్ చేయాల. మూడు దాటితే ఆస్పత్రికి బయల్దేరాల్సిందే. కడుపుతో ఉండాది గదా, కొంచెం పెరిగినా మాకు చెప్పు."

తర్వాత నా భార్య కుప్పంలో పుట్టింటికి పోయింది. రెండురోజులుగా వాంతులని ఫోన్లో చెప్తా ఉంటే రొప్పు వినిపించింది. బండేసుకొని పోయినాను.

"కడుపుతో ఉండే ఆడది కక్కుకోకుండా ఉంటాదా? అన్నం పోలేదని ఇన్సులిన్ సూది ఆపినాం. షుగరు నూటతొంభయ్యే ఉండాది, బాగుండాది" అనింది మా అత్త.

సబ్బుతో నా భార్య చేయి కడిగి, బాగా తుడిచి, కొత్త సూదితో వేలి పక్కన గుచ్చినాను. అప్పుడే కవరు చింపి మిషన్లో పెట్టిన కీటోన్ స్ట్రిప్ మీద రక్తం చుక్క. మూడు పాయింట్ నాలుగు.

"షుగరు మూడొందలున్నప్పుడే ఏమీ కాలేదు, మూడుకు ఇంత పరుగు యాల?" అనింది అత్త.

"ఈ మిషన్లో మూడంటే శానా ఎక్కువ అత్తా. ఆటో పిలువు."

కుప్పంలోనే ఆస్పత్రిలో చేర్చినాం. రక్తం పులిసిపోయి ఉందన్నారు డాక్టరు. షుగరు అంత పెరగకపోయినా కడుపుతో ఉండేవాళ్ళకు ఇట్లా అవుతుందంట. అన్నం పోకపోయినా ఇన్సులిన్ ఆపకూడదు, ఎంత వేసుకోవాలో అడగాలంట. ఆమె దక్కింది. బిడ్డ దక్కలేదు. వరండాలో అత్త "అన్నం పోకపోతే సూది యాల అనుకుంటినే" అని గోడకు చెప్పుకుంటా కూర్చుంది.

పుంగనూరుకు వచ్చినాక ఒక పొద్దున నా భార్యకు ఒళ్ళు వెచ్చబడింది. మళ్ళీ చేయి కడిగించి, వేలు గుచ్చి సూసినాను. సున్నా పాయింట్ మూడు. నా ఊపిరి నాకొచ్చింది. ఊరుకోవచ్చు గదా, నోరు ఊరుకోదే.

"పులుపంతా దిగిపోయిందిమ్మే. ఇంక నిన్ను ఊరగాయ పెట్టుకోలేం" అన్నాను.

ఆమె నవ్వలేదు. వేలికి దూది అదిమిపెట్టుకొని నా మొహం సూసింది.

"నువ్వు నవ్వించేదానికి ఊరంతా ఉండాది మావా. నీతో ఏడ్సేదానికి నేనొక్కదాన్నే ఉండాను. ఇట్లా వచ్చి కూర్చో."