మేడ మీది మేజరు

"మీ బావ ఎల్లిపోయేడ్రా తమ్ముడా" అని పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు. నాకైతే ముందు "హమ్మయ్య, బయటపడ్డాడు" అనిపించింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది.

మా బావ సైన్యంలో మేజరుగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగా సైన్యం జట్టు తరఫున ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడాడు. అనకాపల్లిలో ఎవరైనా "ఎన్ని సెంచరీలు కొట్టేరు సార్?" అనడిగితే, "ఒక్కటీ లేదు. మ్యాచ్ పోయేలా ఉన్నప్పుడే నన్ను పంపేవోరు. రోజంతా నిలబడ్డమే నా పని" అని నవ్వేవాడు. అంతకన్నా పెద్ద స్థాయిలో ఆడే జోన్ జట్టుకు పిలుపొచ్చిన ఏడాది ఆయన సరిహద్దులో మంచుకొండ మీద ఉన్నాడు. దారి మూసుకుపోయింది. కిందికి దిగేసరికి మ్యాచ్ అయిపోయింది. మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

నాకు బ్యాట్ పట్టడం నేర్పింది ఆయనే. ఓపిక కూడా నేర్పబోయాడు గానీ, అది నాకు అబ్బలేదు.

పక్షవాతం వచ్చాక మేడ మీది గదిలోనే ఉండిపోయాడు. మెట్లు ఇరుకు, మలుపులో చక్రాల కుర్చీ తిరగదు. ఓసారి కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ దిగబోయి తల పగలగొట్టుకున్నాడు. అక్క వెంటనే మెట్లకు గ్రిల్లు పెట్టించి తాళం వేసింది. అయినా బావ రోజూ కాఫీకి ముందే గడ్డం గీయించుకుని, కాలరున్న చొక్కా తొడిగించుకునేవాడు. "మంచమే క్రీజు బావమరిదీ. దాటేనంటే మీ అక్క స్టంపింగ్ చేసేత్తాది" అనేవాడు. నేను నవ్వలేక నవ్వేవాణ్ణి.

ఆయన కోరిక ఒక్కటే. కాలేజీ గ్రౌండులో చెప్పుల్లేకుండా మట్టి మీద కాళ్లు ఆనించాలి. "ఎవరైనా పట్టుకుంటే నిలబడతాను. ఒక్క ఓవరు సేపు చాలు."

అక్క గుడికెళ్లిన ఓ సాయంత్రం తాళంచెవి ఎలాగో సంపాదించి, బెల్లం మార్కెట్ కలాసీలను ఇద్దరిని వెంటబెట్టుకెళ్లాను. మూటలు మోసేవాళ్లకు ఆయన బరువొక లెక్కా! బావ మొహం వెలిగిపోయింది. అంతలోనే తల అడ్డంగా ఊపాడు.

"మీ అక్కని అడిగేవా?"

"అడిగితే ఒప్పుకుంటాదేటి?"

"అయితే వద్దు. నన్ను రాత్రీ పగలూ చూసుకుంటన్నది తను. తనకి తెలీకుండా గ్రిల్లు దాటను. అడిగి తీసుకెళ్లు."

ఎంత మొండిమనిషండీ! నాకు ఒళ్లు మండిపోయింది. కలాసీలకు టీ తాగించి పంపేశాను. అక్క రాగానే అడిగాను.

"పడిపోతే నీకేటి, నువ్వెల్లిపోతావు. నాకున్నది ఈ మనిషొక్కడేరా" అంది.

ఆ మాట గదిలోకి వినబడింది. బావ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. మంచం కిటికీ పక్కకు జరపమన్నాడంతే. అక్కణ్ణించి గ్రౌండు కనిపించదు, పక్కింటి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది.

ఫోనొచ్చిన పొద్దున నేను వెళ్లేసరికి గ్రిల్లు బార్లా తీసి ఉంది. మెట్ల మలుపులో తిరగదని పాడె కిందే కట్టారు. బావను దుప్పట్లో పట్టుకుని దించాం. "మెల్లిగా, తల జాగ్రత్త" అని అక్క ప్రతి మెట్టుకీ చెబుతూనే ఉంది. వాకిట్లో చాప మీద పడుకోబెట్టి, పాడె మీదికి ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండ్రా."

కింద కూలబడింది. బావ కాళ్లకున్న మేజోళ్లు లాగేసి, చాప అంచు వెనక్కి మడిచింది. ఆయన మడమలు రెండూ మట్టికి ఆనించి పట్టుకుంది. ఎండెక్కుతోందని పెద్దవాళ్లు తొందరపెట్టారు. అక్క వదల్లేదు.