కత్తెరక్క కోపం

మా టైలరింగ్ షాపులో నేను కాజాలు కుడతాను. కటింగ్ కత్తెరక్కది. మొగుడు పోయాక షాపు మూతపడకుండా ఆ కటింగ్ బల్ల దగ్గర నిలబడి కాపాడింది ఆవిడే. ఆవిడ మరిది మాత్రం కౌంటర్లో కూర్చుని, కష్టమంతా తనదే అన్నట్టు మీసం తిప్పేవాడు.

ఒకరోజు ఆయన రెడీమేడ్ కంపెనీలో పనిచేసిన కొత్త మాస్టర్ని, కరెంటు కత్తెరని వెంటబెట్టుకొచ్చాడు. "ఇక నువ్వు ఇంట్లో రెస్టు తీసుకో వదినా. అన్నయ్య చేసిన కటింగ్ కొలతల అట్టలు ఇక్కడే ఉంచు. నో హార్డ్ ఫీలింగ్స్!" అన్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి.

అక్క తన కత్తెర తీసుకుని బయటికి నడిచింది. నేను వెంట వెళ్ళాను.

"ఆ ఇంగ్లీషు ముక్కకి అర్థమేంటే?"

"మనసులో ఏం పెట్టుకోవద్దని అక్కా. పోటీయో గొడవో అయ్యాక, నీ మీద నాకేం కోపం లేదని ఒకరికొకరు చెప్పుకుంటారు."

"మొట్టికాయ తిన్నది నేనైతే, కోపం లేదని చెప్పేది వాడా? నాకుంది. బోలెడుంది." మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు గాని, అక్క ఏనాడూ మెత్తనిది కాదు.

మా అట్టల సంగతి ఒకటి చెప్పాలి. అక్క మొగుడు వాటిని ఒంటి కొలతకి సరిగ్గా చేశాడు. అట్ట చుట్టూ సుద్దతో గీసి, కుట్టు కోసం వేలెడు గుడ్డ వదిలి కోయాలి. రెడీమేడ్ కంపెనీల్లో ఆ వేలెడూ అట్టలోనే కలిపి ఉంటుంది. ఆ తేడా మాస్టరుకి తెలియదు, అక్క చెప్పలేదు. ఆస్పత్రి నుంచి ఆర్డరొచ్చిన నర్సుల కోట్ల గుడ్డంతా దొంతరగా పేర్చి, గీత మీదే ఒక్క ఊపున కోసేశాడు.

మళ్ళీ కాజాల దగ్గర కూర్చున్న నాకు అది చూసి మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. పాపమని కూడా అనిపించలేదు.

కోట్లు వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాయి. ఏ నర్సుకీ గుండీ పడలేదు. మాస్టరు చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. మరిది కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని, చివరికి తల్లిని ముందు పెట్టుకుని అక్క గుమ్మం ఎక్కాడు.

"ఇంటి పరువు పోతుంది వదినా. చూసి ఏదైనా చెయ్యి."

అక్క కోటు తిరగేసి చూసింది. "చంక కింద నుంచి అంచుదాకా పట్టీ వేస్తే సరిపోతుంది."

"ముందే తెలుసా వదినా నీకు, ఇలా అవుతుందని?"

"అట్టలు ఉంచమన్నప్పుడే తెలుసు."

అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. అక్క మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"బల్ల నాది. కటింగ్ గురించి నువ్వు నోరెత్తకూడదు. ఆ కోట్ల కుట్లన్నీ నువ్వే విప్పాలి, అందరి ముందూ కూర్చుని."

ఆయన తలూపాడు. మర్నాడు నా పక్కనే చాప మీద కూర్చుని, బ్లేడు పట్టుకుని కుట్లు విప్పసాగాడు. గుండీలు కుట్టించుకోవడానికొచ్చిన వాళ్ళు కూడా ఆగి చూశారు. వేళ్ళు తెగాయి, మెడ పట్టేసింది. మధ్యాహ్నానికి ఉండబట్టలేక తలెత్తాడు.

"కోపం పోయిందా వదినా?"

అక్క పట్టీలు కోస్తూ తలతిప్పకుండానే అంది. "ఇంకా లేదు. విప్పు."