కిటికీకి దూరంగా పెట్టిన రబ్బరు మొక్క

1999 వేసవి. హైటెక్ సిటీ చుట్టూ ఇంకా బండరాళ్లు పగలగొడుతూనే ఉన్నారు. మూసాపేటలో మాకు చిన్న నర్సరీ ఉండేది. అక్కడి నుంచి ఆఫీసులకు మొక్కలు కిరాయికి ఇచ్చేదాన్ని. ఈ వ్యాపారంలో అసలు కిటుకు రొటేషన్. అంటే ఏసీ గదిలో నీరసించిన మొక్కను వెనక్కి తెచ్చి, నర్సరీ వెలుతురులో తేరుకోనిచ్చి, దాని చోట మరొకటి పెట్టడం. ఆఫీసుల్లో మొక్కలు ఏడాదంతా కళకళలాడేది అందుకే.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మాత్రం కిరాయి వద్దు, కొనేస్తామంది. కొన్న వెంటనే కుర్చీలకూ కంప్యూటర్లకూ అంటించినట్టే రబ్బరు మొక్క కుండీకి కూడా అసెట్ నంబరు స్టిక్కర్ అంటించారు. ఇక అది కంపెనీ ఆస్తి. అనుమతి లేకుండా చోటు మారకూడదు, గేటు దాటకూడదు. ప్రాణమున్నదానికి నంబరేమిటని నేను నవ్వుకున్నాను కూడా.

నిజానికి రబ్బరు మొక్క మొండిది. ఎండ నేరుగా పడకుండా, వెలుతురు బాగా వచ్చే కిటికీ పక్కన పెట్టాలి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. ఆకుల మీద దుమ్ము తడిగుడ్డతో తుడవాలి. అంతే. వాళ్లు దాన్ని హాలు మధ్యలో పెట్టారు. మానిటర్ల మీద వెలుగు పడి కళ్లు లాగుతున్నాయని ప్రోగ్రామర్లు కిటికీ తెరలు పగలంతా మూసే ఉంచేవారు. చీకట్లో మొక్క నీళ్లు సరిగా తాగదు. పోసినవి కుండీలోనే నిలిచి వేర్లు కుళ్లుతాయి. దాన్నే రూట్ రాట్ అంటాం. పక్క ఆఫీసులో మొక్కలు మార్చడానికి వెళ్లినప్పుడు లోపలికి వెళ్లి చూస్తే, ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది.

మొక్కలు చూసే పని, ఏజెన్సీ తరఫున హౌస్‌కీపింగ్ చేసే యాదమ్మది. గోపన్‌పల్లి నుంచి వచ్చేది. భర్త మంచాన పడ్డాడు. ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే.

"నీళ్లు ఆపు యాదమ్మా, మట్టి ఆరనీ," అన్నాను.

"మట్టి ఎండితే సారు తిడ్తుండు మేడం. నీళ్లు గూడ పొయ్యవా, జీతమెందుకు నీకు అంటుండు. పోస్తేనేమో ఆకులు రాల్తున్నయ్. నన్నేం జెయ్యమంటరు?"

ఆమె అన్న సారు అడ్మిన్ మేనేజరు. గుంటూరు వైపు మనిషి, మర్యాదస్తుడు. నేరుగా ఆయన గదికే వెళ్లాను.

"తెరలు తీయించండి. లేదంటే మొక్కను కిటికీ దగ్గరికి జరపండి. రెండూ కుదరకపోతే నాతో పంపండి, బతికించి తెచ్చిస్తాను."

"మీరు చెప్పింది నిజమేనండి. కానీ ఆడిట్ అయ్యేదాకా అసెట్ కదపడానికి లేదు. అమెరికా క్లయింట్లు వస్తున్నారు. ఈలోగా మొక్క పోతే నన్నడుగుతారు. ఎవరో ఒకరిని చూపించాలి కదండీ!"

ఎంత శాంతంగా అన్నాడో! నాకు ఒళ్లు మండిపోయింది.

"చూపించాల్సింది మనిషిని కాదండీ, ఆ తెరల్ని," అన్నాను. ఆయన ఫోను అందుకున్నాడు.

కొన్నాళ్లకు యాదమ్మ మా నర్సరీకే వచ్చింది. మొక్క ఎండిపోయిందట. నిర్లక్ష్యమని ఆమెను పనిలోంచి తీసేశారట. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, జర ఒక్క మాట చెప్పుండ్రి సారుకు. నేను దాన్ని సంపలేదని."

వెళ్లి చెప్పాను. బతిమాలాను కూడా. "మీ బాధ అర్థమైందండి. కానీ ఏజెన్సీ వేరే ఆమెను పంపేసింది," అన్నాడాయన.

బయటికి వస్తుంటే హాలు మధ్యలో ఆ మొక్క మోడై నిలబడి ఉంది. ఆడిట్ కాలేదు కాబట్టి దాన్నింకా తీయలేదు. కొత్తగా చేరిన ఆమె మగ్గుతో ఆ మోడుకు నీళ్లు పోస్తోంది. ఆపమని చెప్పబోయి ఆగిపోయాను. మట్టి ఎండితే ఆమెకూ తిట్లే.

ఏ మొక్కకు ఎంత వెలుతురు కావాలో ఇన్నేళ్ల పనిలో నేర్చుకున్నాను. ఆ వెలుతురు ఇవ్వనివాళ్ల జోలికి ఎవరూ పోరని, అడిగేది నీళ్లు పోసినవాళ్లనేనని ఆ రోజు తెలిసింది. తెలిసి చేయగలిగిందేమీ లేదు. నర్సరీలో నాకోసం ఎదురుచూస్తున్న యాదమ్మకు ఏం చెప్పాలో తోచక, ఆ సాయంత్రం నర్సరీకి వెళ్లకుండా ఇంటికి వెళ్లిపోయాను.