బస్టాండులో ఆఖరి పేజీ

నేను నాగర్‌కర్నూల్‌ల ఆటో నడుపుత. ఆరో తరగతిలనే బడి ఇడిచిపెట్టిన. సవారీలు లేనప్పుడు ఫోన్‌ల ప్రేమ నవలలు వినేవాణ్ణి. చాటింగ్‌ల కలిసినోళ్లు ఎదురుపడే కథలంటే మస్తు ఇష్టం. నేను మాట్లాడితే ఫోనే టైపు చేస్తది గనక, కింద కామెంట్లల్ల జోకులు పేల్చేవాణ్ణి. పెద్దమందడిల బట్టలు కుట్టే సుజాత వాటికి పడిపడి నవ్వేది. "ఇంత మంచిగ రాస్తరు, ఏం చదువుకున్నరు?" అని అడిగితే, ఇంకో జోకేసి తప్పించుకున్న.

ఏడాది ముచ్చట్లయినంక వనపర్తి బస్టాండుల కలిసినం. ఆమె సంచిలకెళ్లి మాకిష్టమైన నవల తీసింది.

"ఆఖరి పేజీ మీ గొంతుతోటి వినాలె."

పుస్తకం అందుకుని ఆఖరి పేజీ తీసిన. "ఎ... దు... రు..." అని కూడబలుక్కుంటున్న. పక్కన కూసున్న పెద్దమ్మ జాలిపడి, "కండ్లు కనవడ్తలేవా బిడ్డా?" అన్నది. అవునంటే గండం గడిచేదే. కని ఏడాది దాచింది చాలనిపించింది.

"కండ్లు మంచిగనే ఉన్నయి పెద్దమ్మా, చదువే సరిగ రాదు," అని సుజాత దిక్కు తిరిగిన. "ఇన్నొద్దులు ఫోన్ చదివితె విన్న. నేను చెప్తె ఫోన్ రాసింది."

సుజాత పుస్తకంకెళ్లి నా మొకం దిక్కు చూసింది.

"జోకులు గూడ ఫోనే చెప్పిందా?"

"అవి నావే."

"అయితె చదువు. నేను ఆగుత."

ఆ పేజీ అయిపోయేసరికి పెద్దమందడి బస్సులు రెండు వెళ్లిపోయినయి. సుజాత ఒక్కసారి గూడ వాటి దిక్కు చూడలే. నవలల్లో చూడంగనే అన్నీ కుదురుతయి. బతుకుల మాత్రం మనకోసం ఆగేటోళ్లు దొరకాలె.