వెండెల్ చెయ్యి చాపితే

వెండెల్ ప్రూయిట్‌కి ఒక్కటే జబ్బు. టిప్పు నోరు విడిచి అడుగుతాడు.

మా వయోమింగ్ కొండల్లో ఏ వేట గైడూ ఆ పని చెయ్యడు. వేట ముగిసిన పొద్దున, డబ్బు కట్టి వేటకొచ్చిన అతిథి చెయ్యి కలుపుతాడు. మడిచిన నోట్లు అరచేతిలోకి వస్తాయి. గైడు వాటిని చూడకుండా జేబులో వేసుకొని వాతావరణం గురించి మాట్లాడతాడు. వెండెల్ మాత్రం మొదటిరోజు భోజనాల దగ్గరే లేచి నిలబడతాడు.

“అయ్యలారా, గైడుకి టిప్పు వేట ఖర్చులో పదోవంతు. అంటే నాకు. ఎల్క్ దుప్పి పడినా ఇవ్వాలి, పడకపోయినా ఇవ్వాలి. దుప్పి నా మాట వినదు.”

“మరి వంటావిడకి?” అని ఎవరో ఒకరు అడుగుతారు.

“ఆవిడకెందుకు? ఆవిడ వండింది, మీరు తిన్నారు. చెల్లుకు చెల్లు.”

ఆ వంటావిడ నేనే.

“గుర్రాలు చూసే రూబెన్‌కి?”

“రూబెన్ ఉండేది గుర్రాలతో. అవేమీ అడగవు కదా.”

ఒక పాస్టరు టిప్పుకి బదులు చాకు ఇవ్వబోయాడు. “ఇలాంటివి ఇప్పటికే నలభై ఒకటి ఉన్నాయి సార్,” అన్నాడు వెండెల్. పోనీ ప్రార్థన చేస్తానన్నాడాయన. “చెయ్యండి. పదోవంతుకి తగ్గకుండా చెయ్యండి.”

మొన్న అక్టోబరులో రూబెన్ ట్రక్కు గేర్‌బాక్సు పోయింది. అది బాగుపడకపోతే నాలుగొందల మైళ్ళ అవతల ఉన్న భార్య దగ్గరికి వెళ్ళలేడు. చలికాలమంతా ఈ కొండ కిందే. ఆ ఏటికి మిగిలింది ఒక్క వేట. వస్తున్నది ఒహాయోలో ఇళ్ళకు పైకప్పులు వేసే గస్ హాల్వర్సన్, అతని తమ్ముళ్ళిద్దరు.

“ఈ ఒక్క వారం నోరు కట్టేసుకో,” అని వెండెల్‌ని బతిమాలాను. “వాళ్ళకి ఒళ్ళు మండితే రూబెన్‌కీ ఇవ్వరు.”

“సరే లోర్నా.”

వాళ్ళు దిగిన సాయంత్రం భోజనాల దగ్గర పదోవంతు కాస్తా ఐదోవంతు అయింది.

ఆరు రోజులు పొగమంచు. ఒక్క దుప్పీ కనబడలేదు. వెండెల్ మోకాలి లోతు మంచులో గస్‌కి దారి తొక్కాడు, జారితే పట్టుకున్నాడు, తన పొడి మేజోళ్ళు ఇచ్చాడు. ప్రతిసారీ, “ఇది కూడా గుర్తుంచుకోండి సార్,” అన్నాడు.

శనివారం పొద్దున గస్, వెండెల్ చాపిన చేతిని దాటుకొని, గుర్రాల దగ్గరికి నడిచాడు. రూబెన్ చేతిలో లావుపాటి కవరు పెట్టాడు.

“అడగనివాడికి ఇవ్వాలనిపించింది. అదీ ఆ ఆశపోతు చూస్తుండగా.”

తమ్ముళ్ళు నాకిచ్చారు. అన్నతో పోటీపడి ఇచ్చారు.

రూబెన్ కవరులోకి చూసి టోపీ తీశాడు. “గేర్‌బాక్సు వచ్చేస్తుంది లోర్నా. టైర్లు కూడా.”

వెండెల్ పొయ్యి దగ్గర ఈల వేస్తూ కాఫీ పోసుకుంటున్నాడు. ఏడేళ్ళుగా అతన్ని బుద్ధిలేనివాడనుకున్నాను. అప్పుడు తట్టింది.

“కావాలనే చేస్తావా?”

“మొదట్లో మర్యాదగానే చెప్పేవాణ్ణి. రూబెన్ని మరిచిపోకండి, వంటావిణ్ణి మరిచిపోకండి అని. మరిచిపోయేవాళ్ళు కాదు. ఇచ్చేవాళ్ళూ కాదు. నా మీద కసి పుట్టాకే వాళ్ళ చెయ్యి జేబులోకి వెళ్ళింది.”

“మరి నీకు?”

“నాకేం, పెళ్ళామా, పిల్లలా? నా ట్రక్కు నడుస్తూనే ఉంది.”

బయట గస్ బండి ఎక్కి కిటికీ దించాడు. “అమ్మా, ఇతగాడితో ఎలా వేగుతున్నావు?”

నేను నిట్టూర్చాను. “ఏం చెయ్యను బాబూ. మీరు కొత్తవాళ్ళని ఈసారి మొహమాటపడి తక్కువే అడిగాడు.”

గస్ మళ్ళీ పర్సు తీశాడు.