మా డ్రమ్ముల్లో ప్రాణం లేదట

మా బ్యాండు రెండో ఆల్బమ్ వచ్చిన వారానికి ఒక వెబ్ పత్రికలో సమీక్ష పడింది. పాటలు పరవాలేదట, గిటారు పరవాలేదట, డ్రమ్ముల్లో మాత్రం ప్రాణం లేదట. వెంట్రుకవాసి తేడా లేకుండా కంప్యూటర్ చేత కొట్టించి, పైన మనిషి పేరు వేసుకున్నామని రాశాడు ఆ మహానుభావుడు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది.

ఆ పేరున్న మనిషి, మా డ్రమ్మర్, నా బడి దోస్తు. పటాన్‌చెరులో రేకు సామాను తయారుచేసే ఒక షెడ్డులో పవర్ ప్రెస్ మీద పనిచేస్తాడు. రేకు పెట్టాలి, చెయ్యి తీయాలి, కాలితో పెడల్ తొక్కాలి. అచ్చు దిగుతుంది. మళ్లీ రేకు. పని జల్దీ సాగాలని చేతులు అచ్చు కింద పడకుండా అడ్డంగా ఉండే ఇనుప జాలీని ఎప్పుడో ఊడబీకేశారు. ఇప్పుడు వేళ్లను కాపాడేది లయ ఒక్కటే. సాయంత్రం డ్రమ్ముల ముందు కూర్చుంటే అదే లెక్క వాడి చేతుల్లోకి వస్తుంది. రికార్డింగ్‌లో తాళం తప్పకుండా చెవిలో టిక్ టిక్‌మని వినిపిస్తారు చూడండి, మేము అది కూడా పెట్టుకోలేదు. వాడున్నాడు కదా అనుకున్నాం.

సమీక్ష చూసి జనం ఎగబడ్డారు. "పాత డ్రమ్మర్‌ను ఎందుకు తీసేసిన్రు అన్నా" అని ఒకడు, "లాప్‌టాప్ అన్నకు దండాలు" అని ఇంకొకడు. మొదటి ఆల్బమ్‌లో కొట్టిందీ వీడే. పాట సగం కూడా వినకుండా ఎవడిదో ఎంగిలి అభిప్రాయం మింగి, మా మీద కక్కడమేమిటో. నిజంగా రోత పుట్టింది. వాడు మాత్రం ఒక్కొక్కటీ చదివి, "నేను మనిషినే కాదంటున్నరు గదరా" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా సింగర్ తెల్లాపూర్ ఫ్లాట్లలో ఉంటాడు. ఆల్బమ్ కచేరీకి ముందు రిహార్సల్లో నా దోస్తు భుజం మీద చెయ్యేసి, "జెర అక్కడక్కడ తప్పు కొట్టు మామా. లూజుగ ఉంటే ఫీల్ వస్తది" అన్నాడు. నేను గొడవకు దిగాను. దోస్తే ఆపాడు.

"పోనీ తియ్‌రా. పాట నడవాలె గద."

కచేరీలో అలాగే కొట్టాడు. ఒక దెబ్బ ఆలస్యంగా, ఒకటి తొందరగా, మధ్యలో ఒకటి ఎగ్గొట్టి. పక్కన బేస్ గిటారు వాయిస్తున్న నేను వాడి వైపు చూడకుండా తీగల మీదే కళ్లు పెట్టాను. జనం ఈలలు వేశారు. డ్రమ్ముల వెనక ఇన్నాళ్లకు మనిషి కనిపించాడని అదే సమీక్షకుడు మళ్లీ రాశాడు. సింగర్ దాన్ని మురిసిపోతూ మా గ్రూపులో పెట్టాడు, కింద చప్పట్ల బొమ్మలు. ఫోన్ మీద ఉమ్మెయ్యాలనిపించింది.

తర్వాతి వారాల్లోనూ రిహార్సళ్లు అలాగే నడిచాయి. ఒకరోజు దోస్తు రాలేదు. మర్నాడు షిఫ్టు దిగే వేళకు షెడ్డు దగ్గరికి వెళ్లాను. గేటు బయట చాయ్ బండి దగ్గర కనిపించాడు. సంచిలోంచి డ్రమ్ము కర్రలు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగ నాతోని కాదురా."

"ఆళ్ల మాటలు పట్టించుకుంటవేంది? నువ్వు నీ లెక్కనే కొట్టు."

"మాటలకు కాదు. నిన్న ప్రెస్సు కాడ కాలు ముందు వడ్డది. చెయ్యింక రేకు మీదనే ఉన్నది." చాయ్ గ్లాసు బండి మీద పెట్టాడు. "తప్పు కొట్టుడు ఇంత జల్దీ అలవాటైతదనుకోలే."

జేబులోంచి గ్లౌజు తీసి చూపించాడు. చూపుడు వేలి కొన తెగిపోయి ఉంది. వేలు మాత్రం ఉంది.