రానివాళ్ళ హాజరు

పొద్దున్న ఏడున్నరకు మా జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడితే ముందు ముక్కుకు తగిలేది బాయిలర్లో ఉడికిన గింజల ఘాటు, ఆ వెంటనే చెవిన పడేది వేలిముద్ర మిషను కీచుమనే చప్పుడు. పలాసలో జీడిగింజ వలిచే ఆడవాళ్ళ వేళ్ళకు గీతలెక్కడ మిగులుతాయి? జీడి నూనెకు సగం అరిగిపోయి ఉంటాయి. కొంగుకు తుడుచుకుంటారు, నోటితో ఊదుకుంటారు, మళ్ళీ పెడతారు, మిషను ఒప్పుకున్నాక లోపలికి నడుస్తారు. నేనక్కడ సూపర్‌వైజర్ని. అందరూ కూర్చున్నాక నేను రోజూ గట్టిగా అడుగుతాను, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని. కొత్తగా వచ్చిన మేనేజరుగారు మొన్న నవ్వారు. "రానివాళ్ళ లిస్టు కంప్యూటర్లో వచ్చేస్తుంది కదమ్మా" అన్నారు. "లిస్టు వస్తుందండీ, కారణం రాదు" అన్నాను. అంతకుమించి చెప్పడానికి ఆ పూట తీరిక లేదు. చెప్పాలంటే సింహాచలం మాస్టారి గురించి చెప్పాలి. ఆయనకంటే ముందు మా తొమ్మిదిమంది బడి గురించి చెప్పాలి.

మా ఊరి పేరు చెప్పినా మీకు తెలియదు. ఆమదాలవలస నుంచి బస్సులో గంటన్నర, దిగాక పొలాల గట్టున ఇంకో పావుగంట. అక్కడి హైస్కూలుకు బోర్డు మాత్రమే పెద్దది. తొమ్మిదో తరగతిలో మేం తొమ్మిదిమందిమి. టీచరమ్మ హాజరు వెయ్యడానికి రిజిస్టరు తెరవక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు. "ఎర్రయ్యేడి?" అనేది. ఎవరో ఒకరం లేచి చెప్పేవాళ్ళం. "ఆళ్ళ గేది ఈనీసింది టీచర్. దూడ నిలబడ్డాక వస్తాడంట." మా జవాబు ఆవిడకు నమ్మకం కలిగించకపోతే మధ్యాహ్నం మాలో ఒకర్ని ఆ ఇంటికి పంపేది. నాకొకసారి జ్వరమొచ్చి రెండు రోజులు మానేస్తే ఐదుగురు వచ్చి నా మంచం చుట్టూ కూర్చుని, మా అమ్మ పెట్టిన అటుకులన్నీ తినేసి పోయారు. రానివాళ్ళ సంగతి చెప్పడం మా బడిలో మర్యాద. అలాగని ఆ బడిలో అంతా సుఖమేనని చెప్పను. లెక్క రాకపోతే దాక్కోవడానికి ముందు ఇంకొకరి వీపు కూడా ఉండేది కాదు. రాత్రి ఇంట్లో నాకు తగిలిన దెబ్బల సంగతి పొద్దున్న ప్రార్థనలోపే అందరికీ తెలిసిపోయేది.

మా నాన్నకు ఆమదాలవలసలో బియ్యం మిల్లు లారీ నడిపే పని దొరికింది. సామాను సర్దుకుని వచ్చేసరికి బడులు తెరిచి పది రోజులైంది. నన్ను అక్కడి పెద్ద హైస్కూల్లో పదో తరగతి 'డి' సెక్షన్లో వేశారు. రిజిస్టర్లో నాది ఎనభై నాలుగో నంబరు, అదే ఆఖరు. బెంచీకి ఐదుగురం, ఒకరు రాసుకోవాలంటే పక్కవాళ్ళు ముడుచుకోవాలి. నిజం చెప్పాలంటే నాకా బడి మొదటి రోజే తెగ నచ్చేసింది. సైన్సు గదిలో నిలువెత్తు అస్థిపంజరం ఉంది! ఇంటర్వెల్లో ఆ మూల నుంచి ఈ మూలకు నడిస్తే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. నేనెవరి కూతురినో, నిన్న ఎందుకు ఏడ్చానో ఎవరికీ అక్కర్లేదు. ఆ హాయి చిన్న బడిలో చదివినవాళ్ళకే తెలుస్తుంది.

సింహాచలం మాస్టారు మా క్లాసు టీచరు, లెక్కలు చెప్పేవారు. భారీ మనిషి. ఆయన మా గదిలో సూత్రం చెబితే 'బి' సెక్షన్ వాళ్ళు రాసుకునేవారని బడిలో చెప్పుకునేవారు. ఎనభై నాలుగుమంది పేర్లు పిలుస్తూ కూర్చుంటే పీరియడ్డులో సగం పోతుంది కాబట్టి ఆయన నంబర్లు పిలిచేవారు, అదీ తలెత్తకుండా, రైలు వెళ్ళిపోతున్నట్టు. పేర్లు ఆయనకు తెలియవు. "ఒరే నలబై, బోర్డు తుడువు. ఒసే పద్దెనిమిది, నవ్వింది సాలు." కోపమూ నంబరు మీదే, మెప్పూ నంబరు మీదే.

నేను చేరిన మూడో రోజు అది జరిగింది. "అరవై ఒకటి?" అన్నారు మాస్టారు. నా పక్కనున్న అరవై రెండో నంబరు సుజాత, గొంతు కొంచెం లావు చేసి "ప్రెజెంట్ సార్" అంది. "అరవై రెండు?" అన్నారు. మళ్ళీ సుజాతే "ప్రెజెంట్ సార్" అంది, ఈసారి మామూలు గొంతుతో. పాపం, కంగారులో రెండుసార్లు పలికేసిందనుకున్నాను. ఒకరి బదులు ఇంకొకరు పలకడమనేది లోకంలో ఉంటుందని నాకేం తెలుసు? మా తొమ్మిదిమందిలో అది కుదిరే పని కాదుగా. మా ఊరి అలవాటు ప్రకారం ఠక్కున లేచి నిలబడ్డాను.

"మాస్టారూ! అరవై ఒకటి రానేదండి. ఈ పిల్లే రెండుసార్లు పలికింది. ఎందుకు రానేదో నాకు తెల్దు. కనుక్కోని రేపు సెప్తానండి!"

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు తలెత్తారు. హాజరు వేసేటప్పుడు ఆయన మొహం చూడడం ఆ గదిలో అందరికీ అదే మొదటిసారట.

"నువ్వెవులే?"

"ఎనబై నాలుగండి. కొత్తగా వచ్చినానండి."

ఆయన నన్ను చూశారు, సుజాతను చూశారు, రిజిస్టరు చూశారు. "కూకో" అని, అరవై మూడు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు. వెళ్ళి సుజాతనే అడిగాను, నేనేం తప్పు చేశానని. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

"ఏటే, నీకేటి పోయింది? రాజులమ్మకి నాన్న నేడు, అమ్మొక్కతే. ఆలమ్మ కాలు ఇరిగిపోనాది. స్టేషను బయట ఎండుసేపల గంప కాడ రాజులమ్మే కూకుంటన్నాది. బడి తెరిసిన కాడ్నుంచి దాని నంబరు నానే పలుకుతన్నాను. ఇన్ని దినాలు రానేదని తెలిస్తే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే ఆలమ్మ ఇంక బడికి పంపదు. నీ నోరు పడిపోనూ, ఒక్క నిమిషంలో పారబోసీసినావు కదే!"

మా ఊళ్ళో ఏ మాట చెబితే పిల్ల మంచం చుట్టూ ఐదుగురు చేరతారో, అదే మాట ఇక్కడ ఒక పిల్ల చదువును తెంపేసేలా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం బడి వదిలాక ధైర్యం కూడగట్టుకుని స్టాఫ్ రూములోకి వెళ్ళాను. మాస్టారు ఒక్కరే కూర్చుని పేపర్లు దిద్దుతున్నారు.

"మాస్టారూ, నాను తప్పు సెప్పీసినానండి. అరవై ఒకటి వచ్చినాదండి."

"అలగా? ఏ బెంచీలో కూకుంది?"

నాకు అబద్ధం అంతవరకే వచ్చు. ఏడుపు ముంచుకొచ్చి, గంప, విరిగిన కాలు, సుజాత మాటలు, అన్నీ కలగాపులగంగా చెప్పేశాను. పేరు మాత్రం కొట్టెయ్యొద్దని దణ్ణం పెట్టాను. ఆయన ఎర్ర పెన్ను కిందపెట్టారు.

"ఆ పిల్ల పేరేటన్నావు?"

"రాజులమ్మండి."

"రాజులమ్మ" అని తనలో తాను అనుకున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "తొమ్మిదో తరగతీ నా దగ్గరే సదివింది. ఏడాది పొడుగునా సదివింది. మొగం గుర్తు రాటంనేదే నాకు."

అంత భారీ మనిషి అలా చిన్నబోవడం నేను చూడలేకపోయాను. ఆయనే తేరుకుని నాకు కుండలోంచి మంచినీళ్ళు ముంచి ఇచ్చారు. "ఏడవకు. నువ్వు సెప్పింది తప్పు కాదు. సగం సెప్పినావు, అంతే. రానేదని సెప్తే సాలదు. ఎందుకు రానేదో కూడా సెప్తే అప్పుడు సెప్పినట్టు" అన్నారు.

మర్నాడు బడికి ముందే స్టేషనుకు వెళ్ళారు. గంప చూపించడానికి సుజాతా నేనూ వెంట వెళ్ళాం. మాస్టారింట్లో నీచు వండరు. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గంప ముందు నిలబడ్డారు. రాజులమ్మ బేరమనుకుని తలెత్తకుండానే "ఏటి కావాల? నెత్తళ్ళా?" అంది. "నెత్తళ్ళు కాదమ్మా, నువ్వు కావాల" అన్నారు. ఆ పిల్ల ఆయన్ని గుర్తుపట్టి మొహం మోకాళ్ళలో దాచుకుంది. తలెత్తకుండానే ఒక్క మాట అడిగింది. "నాను లేస్తే గంప ఎవులు సూస్తారు సార్?"

మాస్టారు దాచకుండా ఆ పిల్లతోనే అన్నారు. "నాకూ తెల్దు. మధ్యాన్నంలోగా ఏటో ఒకటి ఆలోసిత్తాను." ఆ ప్రశ్నను అలాగే మోసుకొచ్చి క్లాసులో దించారు.

ఆ రోజు ఆయన రిజిస్టరు తెరవలేదు. "పది దినాల బట్టి ఈ గదిలో ఒక పిల్ల నేదు. నాకు తెల్దు. ఈ ఎనబై నాలుగు లెగిసి సెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. తప్పు నాది. సుజాతా, నీ మనసు మంచిదేగాని రేపట్నుంచి ఒక్కసారే పలుకు" అన్నారు. తర్వాత అడిగారు. "స్టేషను కాడ ఎవులెవులి ఇళ్ళున్నాయి?"

పదకొండు చేతులు లేచాయి. ఆ చేతుల్ని చూసి నేను నోరు తెరిచాను. మా చిన్న బడిలో అయితే సంగతి మొదటి రోజే తెలిసిపోయేది, కాని లేవడానికి పదకొండు చేతులు ఎక్కడున్నాయి? అందులో ఒక పిల్ల అమ్మమ్మ స్టేషను బయటే కూరగాయలు అమ్ముతుంది. మాస్టారే వెళ్ళి అడిగారు. "నా వంకాయలకి నీసు కంపు అంటుకుంటాది బాబూ, నావల్ల కాదు" అని ఆవిడ మొదట ఖరాఖండిగా చెప్పేసింది. మాస్టారు కదలకుండా అక్కడే నిలబడ్డారు. బేరాలకు అడ్డమొస్తున్నాడని ఆవిడే విసుక్కుని, "సర్లే, గంప అల్లంత దూరంగా ఎట్టమను, నాను సూత్తాను" అంది. పొద్దున్న రైళ్ళ బేరం రాజులమ్మది, బడి వేళకు గంప అమ్మమ్మ చూపుకు, సాయంత్రం మళ్ళీ రాజులమ్మకు. సోమవారం అరవై ఒకటి తన గొంతుతో తనే పలికింది. ఓలమ్మో, సుజాత మొహం చూడాలి! నన్ను వాటేసుకుని, జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మా స్నేహం అక్కడ మొదలైంది.

అప్పట్నుంచి మాస్టారు హాజరు వేసి రిజిస్టరు మూసెయ్యగానే "ఎనబై నాలుగూ, సెప్పు" అనేవారు. నేను లేచి చెప్పేదాన్ని. పన్నెండుకు కామెర్లు, పసరు మందు పోయించారు. డెబ్బై నాన్న మీద అలిగి భావనపాడులో మేనమామ ఇంట్లో ఉన్నాడు. ముప్పై ఊరికే ఎగ్గొట్టాడు, సినిమా హాలు దగ్గర కనబడ్డాడు. మాస్టారు శ్రద్ధగా విని "బాగా సెప్పినావు" అనేవారు. కొందరు నన్ను గూఢచారి అన్నారు. అననీ. దీపావళి నాటికి నేను లేవకముందే ఇద్దరు ముగ్గురు లేచి చెప్పడం మొదలుపెట్టారు. మాస్టారు పేర్లు నేర్చుకునే ప్రయత్నం కూడా చేశారు. ఈశ్వరిని గౌరి అనీ, గౌరిని ఈశ్వరి అనీ ఏడాదంతా పిలిచారు. వాళ్ళిద్దరూ రెంటికీ పలికేవారు. రాజులమ్మ పదో తరగతి ఒక్క దెబ్బకే గట్టెక్కింది. లెక్కల్లో నాకంటే ఎక్కువ తెచ్చుకుంది, ఆ సంగతి ఇప్పటికీ ఫోన్ చేసి మరీ గుర్తుచేస్తుంది.

కిందటి వేసవిలో మా పాపను ఆరో తరగతిలో ఎక్కడ వెయ్యాలా అని మా ఇంట్లో తర్జనభర్జన అయ్యింది. ఇంటి దగ్గర చిన్న బడి ఉంది, తరగతికి పదిహేనుమంది. బస్సెక్కి వెళ్తే పెద్ద హైస్కూలుంది, ఇసుక వేస్తే రాలదు. మా ఆయన చిన్నదన్నారు. నేను ఎటూ తేల్చుకోలేక గరివిడి వెళ్ళాను. మాస్టారు రిటైరై అక్కడ కూతురింట్లో ఉంటున్నారు. మనిషి సగమయ్యారు కాని గొంతు తగ్గలేదు.

"పెద్ద బడిలో తప్పిపోతాదని బయమేటి?" అన్నారు. "నీ కూతురికి నోరుందా?"

"నా నోరే వచ్చింది మాస్టారూ."

"అయితే ఎక్కడేసినా పరవానేదు. నోరు నేని పిల్లల సంగతి కూడా అదే సూసుకుంటాది."

అప్పుడే ఆయన భార్య టీ పట్టుకొచ్చారు. నేనెవరో చెప్పగానే ఆవిడ గ్లాసు చేతిలో పట్టుకునే ఆగిపోయారు. "ఎనబై నాలుగంటే ఈ అమ్మేనా! నీ పుణ్యమా అని మా ఇంటికి మెమో వచ్చింది కదమ్మా. రాని పిల్లకి పది దినాలు హాజరేసినాను, నాదే తప్పని ఈయనే ఎల్లి కాగితం రాసిచ్చీసినారు. ఎడ్మాస్టరు అవాల్సిన మనిషి, ఆ మెమో మూలాన రెండేళ్ళు ఆగిపోనారు."

"ఇప్పుడవన్నీ ఎందుకే" అని మాస్టారు కసురుకున్నారు.

"నాకెందుకు చెప్పలేదు మాస్టారూ? ఒక్కసారైనా అనలేదే!" అన్నాను.

ఆయన నావంక చూసి నవ్వారు. "సెప్తే? మర్నాడు నాను ఎనబై నాలుగూ అని పిలిస్తే, నువ్వు లేస్తావేటి?"

లేచేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నా మాట వల్ల మాస్టారికి దెబ్బ తగిలిందని తెలిసుంటే, ఆ వయసులో, మళ్ళీ జన్మలో నోరెత్తేదాన్ని కాదు. ఆ ఏడాదంతా ఆయన రోజూ నన్ను నిలబెట్టి, నేను చెప్పింది చివరిదాకా విని, బాగా సెప్పినావు అన్నారే, అన్నాళ్ళూ ఆ మెమో ఆయన సొరుగులోనే ఉంది. పాపను పెద్ద బడిలో వేశాను. నాకు నోరెక్కువని ఇంటా బయటా అంటారు. ఉంటుంది మరి. ఒకాయన తన నోరు మూసుకుని దాన్ని కాపాడారు.